స్కోరు చెప్పడంతో యాప్ పని అయిపోదు

నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు, ఒంట్లో సత్తువ లేదు, దేని మీదా మనసు నిలవడం లేదు. కుంగుబాటును అంచనా వేయడానికి మానసిక ఆరోగ్య యాప్‌లు ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలోని తొమ్మిది ప్రశ్నల్లో నాలుగు ఈ నాలుగింటి గురించే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న వారిని పలకరిస్తే వినిపించే మాటలూ ఇంచుమించు ఇవే. అలాంటి రోగి ఫోన్‌లో ఆ ప్రశ్నలకు ఉన్నదున్నట్టు జవాబిస్తే, డిప్రెషన్ ఉందని యాప్ తేల్చే అవకాశం ఎక్కువ. అది నిజమూ కావచ్చు. కళ్ల ముందే ఊళ్లో ఒక్కొక్కరూ ఈ జబ్బుతో పోతుంటే, సంపాదించే మనిషి మంచం పడితే, దిగులు పట్టుకోవడంలో వింత లేదు. అయితే కిడ్నీలు దెబ్బతినడం వల్ల (రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరగడం దానికి గుర్తు) వచ్చిన నీరసం, అరుచి కూడా అదే స్కోరును ఇస్తాయి. రెండూ కలిసే ఉన్నవారూ ఉంటారు. ఏది ఎంతో తేల్చాలంటే రక్త పరీక్ష కాగితం చేతిలో పట్టుకుని, ఎదురుగా కూర్చుని మాట్లాడే వైద్యుడు కావాలి.

యాప్‌లు దండగ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2024లో వరల్డ్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ 176 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, కుంగుబాటు, ఆందోళన లక్షణాలపై వీటికి స్వల్పమైనదే అయినా నిజమైన ప్రభావం ఉందని తేల్చింది. ఆ ‘స్వల్పం’ అన్న మాట ప్రకటనల్లో మాత్రం కనిపించదు. పైగా ఈ ప్రయోగాల్లో పాల్గొనేవారు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు, చాలాసార్లు పరిశోధకులు మధ్య మధ్య గుర్తు చేస్తుంటే వాడినవారు. బయటి వాడకం వేరు. 93 యాప్‌ల వినియోగాన్ని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, యాప్ దించుకున్న వందమందిలో 15వ రోజుకు మిగిలేది సుమారు నలుగురు. మందు మంచిదే అయినా రెండు వారాల్లో తొంభై ఆరుగురు మానేస్తే, దానివల్ల జిల్లాకు ఎంత మేలు జరిగినట్టు?

అయినా శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాలు ఈ సాధనాన్ని తోసిపుచ్చలేవు. సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ సర్వే చెప్పింది. అది 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. ఇక్కడ పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉందని నమ్మడానికి నాకు కారణం కనిపించదు. జబ్బు ముదిరితే విశాఖలోని మానసిక వైద్యశాలకు తీసుకెళ్లాలి. బస్సు ఖర్చు, పోయిన కూలి ఒక ఎత్తయితే, అక్కడికి వెళ్లారని ఊళ్లో తెలిస్తే ఆడపిల్ల పెళ్లికి అడ్డమవుతుందన్న భయం మరో ఎత్తు. ఎవరికీ తెలియకుండా నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఫోన్ ఇచ్చే చాటు నిజంగా విలువైనది. మత్స్యలేశం వంటి తీర గ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లే మత్స్యకారులకైతే, ఒడ్డుకొచ్చిన ఆ కొద్ది గంటల్లో తెలుగులో మాట్లాడే దిక్కు ఫోనే.

కానీ ఆ చాటు ఎంత గట్టిది? ప్రైవసీ అనగానే హ్యాకర్లు గుర్తొస్తారు. మన ఇళ్లలో ప్రమాదం అంతకంటే ముందే, గడప లోపలే మొదలవుతుంది. ఒకే ఫోన్‌ను అత్తా కోడళ్లు, బడికెళ్లే పిల్లలు కలిసి వాడే ఇంట్లో, ‘ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?’ అని తెర మీద వెలిగే ఒక్క నోటిఫికేషన్ చాలు, కోడలి గుట్టు బయటపడటానికి. తెరపై సందేశం కనిపించకుండా చేయడం, యాప్‌కు వేరే తాళం పెట్టడం, రాసినదంతా ఒక్క నొక్కుతో చెరిపేసే వీలు కల్పించడం కష్టమైన పనులేమీ కావు. యాప్ తయారు చేసేవారు ప్రతి మనిషికీ సొంత ఫోన్ ఉంటుందని అనుకోవడమే అసలు చిక్కు.

బయటి ప్రమాదమూ ఊహాజనితం కాదు. గోప్యత కాపాడతామని మాటిచ్చి, వినియోగదారుల సమాచారాన్ని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి సంస్థలకు ప్రకటనల కోసం అందించిందన్న అభియోగంపై ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ 78 లక్షల డాలర్లు చెల్లించేలా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య తీసుకుంది. ఫిన్లాండ్‌లో వస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ రికార్డులు చోరీ అయ్యాయి. 2020లో నేరగాళ్లు నేరుగా రోగులకే బెదిరింపులు పంపి డబ్బు అడిగారు. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. అయితే ‘ఇది చికిత్స కాదు, వెల్‌నెస్ మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో రాసుకుని, పెద్ద అక్షరాల్లో డిప్రెషన్‌ను జయించండి అని చెప్పే యాప్‌లు వైద్యానికి వర్తించే బాధ్యతను సులువుగా తప్పించుకుంటున్నాయి. ఈ రెండు నాల్కల ధోరణిని అనుమతించకూడదు.

ఇక చాట్‌బాట్ల సంగతి. తిండికి సంబంధించిన రుగ్మతలున్నవారికి సాయపడాల్సిన టెస్సా అనే బాట్, వారికే బరువు తగ్గే సలహాలు ఇస్తోందని బయటపడటంతో అమెరికాలో 2023లో దాన్ని ఆపేశారు. పరిశోధనల అండ ఉన్న మానసిక ఆరోగ్య చాట్‌బాట్ యాప్ వోబాట్ కూడా 2025 జూన్‌లో మూతపడింది. రోజూ రాత్రి దానితోనే మాట్లాడుకునే మనిషికి ఆ మర్నాడు ఎవరు దిక్కు? ప్రైవేటు సంస్థ లెక్కలు వేరుగా ఉంటాయి కాబట్టి, ఈ బాధ్యత ప్రభుత్వ వ్యవస్థలో ఉండాలన్నది నా అభిప్రాయం. అందుకు పునాది ఉంది కూడా. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. మొదట కౌన్సెలర్, అవసరమైతే నిపుణులు అన్న క్రమం అందులో ఉంది. 2024లో దీని యాప్ కూడా వచ్చింది. చనిపోవాలన్న ఆలోచన వస్తోందని ఎవరైనా రాసిన క్షణాన శ్వాస వ్యాయామం చూపించే యాప్ కంటే, వెంటనే ఈ నంబరుకు కలిపే యాప్ వెయ్యి రెట్లు నయం.

యాప్‌ను ఇలా ప్రయోగించి చూడాలంటే ఉద్దానం డయాలసిస్ కేంద్రాలకు మించిన చోటు లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌కు వచ్చిన రోగి సుమారు నాలుగు గంటలు ఆ మంచం మీదే ఉంటారు, చాలామంది చేతిలో ఫోన్ ఉంటుంది, రక్త పరీక్షల వివరాలు పక్క గదిలోనే ఉంటాయి. ఉత్తరాంధ్ర మాట తెలిసిన కౌన్సెలర్‌ను ఒక్కరినైనా అక్కడ నియమించి, యాప్ ఇచ్చిన స్కోరును, క్రియాటినిన్‌ను పక్కపక్కన పెట్టి చూడమనాలి. ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంతమంది చివరికి సైకియాట్రిస్టు దాకా చేరారు అన్న రెండు లెక్కలను ఏడాది తర్వాత జిల్లా వైద్యాధికారులు బయటపెట్టాలి. ఆ లెక్కలు రాకముందే కాలేజీలకు, సంక్షేమ హాస్టళ్లకు ఏ యాప్‌నూ సిఫారసు చేయకూడదు.