డీవీడీలో రాయించి ఫోన్‌లో డిలీట్ చేయకండి

ఈ మధ్య ఆ మెసేజ్ రాని గ్రూపు లేదు. ఇంటి గ్రూపులో బాబాయ్ పెట్టారు, కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులోనైతే సెక్రటరీ గారు "అందరూ తప్పక చదవాలి" అని పైన పిన్ చేసి ఉంచారు. సారాంశం ఇది: హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు, క్లౌడ్ ఏవీ నమ్మొద్దు. పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు డీవీడీల్లో రాయించుకోండి, 100 ఏళ్లు గ్యారంటీ. రాయించాక ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ డిలీట్ చేసి జాగా ఖాళీ చేసుకోండి. బంగారు రంగు డిస్కులే కొనండి. 4.7 జీబీ అని అమ్మి 4.37 మాత్రమే ఇస్తున్నారు, మోసపోకండి. త్వరలో చైనా నుంచి ఇదే సైజులో 1600 టీబీ డిస్కు వస్తోంది, మామూలు డ్రైవ్‌లోనే పనిచేస్తుంది, కాబట్టి హార్డ్ డిస్కు కొనడం దండగ.

బాబాయ్‌కి ఫోన్‌లో చెప్పాను, బ్యాచ్ గ్రూపులో రాశాను. అయినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

చిన్నవి ముందు తేల్చేద్దాం. 4.7 జీబీలో మోసం లేదు. కంపెనీ 470 కోట్ల బైట్లను 4.7 జీబీ అని రాస్తుంది, విండోస్ 1024తో భాగిస్తూ పోయి 4.37 అని చూపిస్తుంది. బైట్లు అవే. మీ హార్డ్ డిస్కుకీ ఇదే లెక్క. ఇక బంగారం సంగతి. అసలైన బంగారు పొర ఉన్న డిస్కులు ఉన్న మాట నిజమే, బంగారం తుప్పు పట్టదు కూడా. కానీ బంగారు రంగులో కనిపించేదల్లా బంగారం కాదు. పైగా ఆ పొర పని కాంతిని వెనక్కి పంపడమే. మీ వీడియో ఉండేది దాని పక్కనున్న రంగు పొరలో. ఆ రంగు పాడైతే పక్కన బంగారం ఉండి చేసేదేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే 100 ఏళ్ల గ్యారంటీకి వద్దాం. మిగతా పాయింట్లన్నీ తప్పయినా ఎవరికీ పెద్దగా నష్టం లేదు. ఇది నమ్మి ఒరిజినల్ డిలీట్ చేసినవాళ్లకు మాత్రం తిరిగి తెచ్చుకునే దారి ఉండదు.

సినిమా డీవీడీల్లో డేటా అంటే చిన్న చిన్న గుంటలు, వాటిని ఫ్యాక్టరీలోనే అచ్చుపోస్తారు. షాపులో మనకు రాసిచ్చే డిస్కు అలాంటిది కాదు. అందులో ఉండేది సేంద్రియ రంగు, దాన్ని లేజర్ వేడితో మారుస్తారు. వేడికి, వెలుతురుకి, తేమకి ఆ రంగు తనంతట తానే మారుతూ ఉంటుంది. మరి 100 ఏళ్లనే అంకె ఎక్కడిది? కంపెనీలు డిస్కుల్ని 100 ఏళ్లు దాచి చూడలేదు. ఎక్కువ వేడిలో, ఎక్కువ తేమలో కొన్ని వారాలు ఉంచి, చదివేటప్పుడు వచ్చే తప్పులు ఎంత వేగంగా పెరిగాయో చూసి, 25 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో అయితే ఎన్నేళ్లు పడుతుందో లెక్కగట్టాయి. ఆ లెక్క ఆ గదికి సరిపోతుంది. మే నెలలో విజయవాడలో మూడో అంతస్తు ఇంట్లో, స్లాబు కింద అటక మీద, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన డిస్కుకి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? విశాఖ తేమలో 50 శాతం ఎన్నాళ్లుంటుంది? అమెరికా జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు తమ సలహాల్లో రాసుకున్నది చూడండి: ప్రచారంలో 10 ఏళ్లు, 25 ఏళ్లు, ఇంకా ఎక్కువ అని చెబుతున్నా, అనుభవంలో సీడీ, డీవీడీల ఆయుష్షు 2 నుంచి 5 ఏళ్లుగా లెక్కపెట్టుకోమని. అన్నీ ఐదేళ్లలో పోతాయని నేను అనడం లేదు. నా దగ్గర 2004 నాటి సీడీలు కొన్ని ఇప్పటికీ చదువుతున్నాయి, అదే పెట్టెలోవి కొన్ని చదవడం లేదు. ఏది ఉంటుందో, ఏది పోతుందో ముందు తెలియదు. అలాంటప్పుడు దాన్ని గ్యారంటీ అని ఎలా అంటాం?

మా పెద్దమ్మ కూతురి పెళ్లి 2009లో అయింది. మూడు డీవీడీలు, పైన జంట ఫోటో స్టిక్కరు. ఈ మధ్య కాపీ తీయమని నాకిచ్చింది. గీతలు లేవు, మరకలు లేవు. కానీ ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా వంచి పట్టుకుంటే, లోపల నిండు ఊదాగా ఉన్న రంగు అంచుకి వచ్చేసరికి పాలిపోయి కనిపించింది. డిస్కు మీద రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది. తేమ లోపలికి దిగేది, వేళ్లు తగిలేది అంచు దగ్గర. అందుకే మొదటి డిస్కులో స్నాతకం, రెండో డిస్కులో జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు చాలావరకు వచ్చాయి. మూడో డిస్కు చివర ఉండాల్సిన అప్పగింతలు రాలేదు. పెద్దనాన్న ఇప్పుడు లేరు. ఆయన కూతురి చేతులు అత్తగారి చేతుల్లో పెట్టిన ఆ నాలుగు నిమిషాలు ఆ పాలిపోయిన అంచులోనే ఉన్నాయి. ఒరిజినల్ క్యాసెట్లు స్టూడియో వాళ్లు ఎప్పుడో చెరిపి మళ్లీ వాడేసుకున్నారు. డీవీడీలు ఇచ్చాం కదా అని.

"మా డిస్కు ఇప్పటికీ ప్లే అవుతోంది" అని రాసేవాళ్లకు ఒక మాట. ప్లే అవడం ఆరోగ్యానికి రుజువు కాదు. డిస్కులో అసలు డేటాతో పాటు తప్పుల్ని సరిదిద్దే అదనపు డేటా కూడా రాస్తారు. వేల బైట్లు పాడైనా డ్రైవ్ సరిచేసుకుని బొమ్మ చూపిస్తూనే ఉంటుంది, మీకు ఏమీ తెలియదు. పాడైనవి ఆ సరిదిద్దే హద్దు దాటిన రోజు ఒక్కసారిగా ఆగిపోతుంది. నిన్నటిదాకా బాగానే ఉందండీ అనడం అందుకే.

ఇంకా ఒకటి. డిస్కు బతికినా డ్రైవ్ ఏది? కొత్త ల్యాప్‌టాప్‌లలో అది కనిపించడం మానేసి చాలా ఏళ్లయింది. డీవీడీ తర్వాతి తరం డిస్కు బ్లూరే. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని పానసోనిక్ 2023లో ఆపేసింది, సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. మన మనవలు 100 ఏళ్ల తర్వాత దీన్ని దేంట్లో పెట్టి చూస్తారో మెసేజ్ రాసినవాళ్లు చెప్పాలి.

ఇక 1600 టీబీ డిస్కు. దీని వెనక నిజమైన పరిశోధన ఉంది, మంచి పరిశోధన కూడా. షాంఘై శాస్త్రవేత్తలు 2024 ఫిబ్రవరిలో ప్రచురించారు. వాళ్లు రాసింది 1.6 పెటాబిట్లు, అంటే 1600 టెరాబిట్లు. బిట్లు, బైట్లు కావు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 200 టీబీ. ఫార్వర్డ్ చేసేముందు ఈ ఒక్క భాగహారం చేసి ఉంటే 1600 అనే అంకె పుట్టేదే కాదు.

200 అయినా చాలా ఎక్కువే కదా అంటారు. ఎక్కువే. అది మీ డ్రైవ్‌లో ఎందుకు పనిచేయదో కూడా వినండి. లావు మొన పెన్నుతో చిన్న అక్షరాలు రాయలేం, లేజర్ చుక్కకీ అదే బాధ. కాంతి తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చుక్క చిన్నదవుతుంది. సీడీకి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి వాడారు, 700 ఎంబీ పట్టింది. డీవీడీకి 650, ఒక పొరలో 4.7 జీబీ. బ్లూరేకి 405, ఒక పొరలో 25 జీబీ. అక్కడినుంచి ఇంకా కిందికి దిగితే అతినీలలోహిత కాంతి వస్తుంది, దాన్ని డిస్కు ప్లాస్టిక్ పీల్చుకుంటుంది, క్రమంగా ప్లాస్టిక్కే పాడవుతుంది. అందుకని పొరలు పెంచారు. అడుగు పొర చదవాలంటే కాంతి పై పొరలన్నీ దాటి వెళ్లి, మళ్లీ అన్నీ దాటి వెనక్కి రావాలి. బ్లూరే మూడు పొరల్లో 100 జీబీకి, నాలుగు పొరల్లో 128 జీబీకి చేరి ఆగిపోయింది. షాంఘై వాళ్లు 100 పొరలు వేయగలిగారంటే, ప్రత్యేకమైన రసాయనం వాడి, రెండు లేజర్లు కలిపి, ఒకటి రాస్తుంటే రెండోది ఆ చుక్క అంచుల్ని అణచిపెట్టేలా చేశారు కాబట్టి. అందులో ఒకటి ఫెమ్టోసెకండ్ లేజర్, అంటే ఊహకందనంత తక్కువ సేపు మెరిసే లేజర్. దాన్ని మీ ఇంట్లో డీవీడీ డ్రైవ్‌లోకి ఎవరు బిగిస్తారు?

వేగం గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. బ్లూరే రైటర్ 12ఎక్స్ వేగంతో సెకనుకు 54 ఎంబీ రాస్తుంది. అదే వేగంతో 200 టీబీ నింపాలంటే 43 రోజులు ఆపకుండా రాయాలి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు గాజులో 500 టీబీ పట్టే పద్ధతి చూపించారు, 2021లో వాళ్లు సాధించిన వేగం సెకనుకు 230 కేబీ. ఒకే లేజర్‌తో ఆ వేగంలో రాస్తూ పోతే ఆ గాజు నిండటానికి 68 ఏళ్లు దాటుతుంది. ఒకేసారి అనేక చుక్కలు రాసే పద్ధతి వస్తే తగ్గుతుందని వాళ్లే చెప్పారు. అది ఇంకా రావాలి.

ఇలాంటి "త్వరలో" మనకు కొత్త కాదు. హోలోగ్రామ్ డిస్కులు వస్తున్నాయని 2005 ప్రాంతంలో ఊదరగొట్టారు. బెల్ ల్యాబ్స్ నుంచి పుట్టిన ఇన్‌ఫేజ్ కంపెనీ 300 జీబీ డిస్కు ప్రకటించి, 2010లో మూతబడింది. సోనీ, పానసోనిక్ కలిసి 2014లో ఆర్కైవల్ డిస్క్ ప్రకటించాయి. ముందు 300 జీబీ, తర్వాత 500, ఆపైన 1 టీబీ అన్నారు. 500 దాకా వచ్చింది, 1 టీబీ మెట్టు ఎక్కలేదు. సోనీ, పానసోనిక్ లాంటివాళ్లు పదేళ్లలో చేయలేనిది వచ్చే నెల కోఠీలో దొరుకుతుందని నమ్మి హార్డ్ డిస్కు కొనడం మానేయమంటారా?

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. ఒకసారి రాసిన డిస్కుని ఎవరూ మార్చలేరు. కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దూరితే దానికి తగిలించి ఉన్న హార్డ్ డిస్కునీ తాళం వేస్తుంది, బీరువాలో ఉన్న డిస్కుని ముట్టుకోలేదు. 2014లో ఫేస్‌బుక్ కూడా పాత డేటా కోసం 10,000 బ్లూరే డిస్కులు పట్టే అల్మారా తయారుచేసి చూపించింది. డీవీడీల్లోని సేంద్రియ రంగు బదులు అకర్బన పొర వాడే బ్లూరే రకం నిజంగానే గట్టిది. క్లౌడ్‌నే నమ్ముకోవద్దన్న మాటలోనూ తప్పులేదు. పాస్‌వర్డ్ మర్చిపోయి ఫోటోలన్నీ పోగొట్టుకున్నవాళ్లు మన గ్రూపుల్లోనే ఉన్నారు. కాబట్టి డిస్కు రాయించుకోండి, మూడో కాపీగా. రెండు హార్డ్ డిస్కుల్లో కాపీలు ఉన్నాక, అందులో ఒకటి అక్కయ్య ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో పెట్టాక.

ఇంట్లో పాత డిస్కులుంటే డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఎవరి దగ్గరుందో ఇప్పుడే అడిగి పట్టుకోండి. వేలిముద్రలుంటే మెత్తటి బట్టతో లోపలి నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పి రుద్దొద్దు. పైన స్టిక్కరు ఉంటే పీకొద్దు, సీడీలకైతే దాంతోపాటు డేటా పొరే లేచిపోతుంది. ఒక డ్రైవ్ చదవకపోతే వేరే కంపెనీ డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒకటి వదిలేసినదాన్ని ఇంకోటి చదవడం మామూలే. మధ్యలో ఆగిపోతుంటే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, చదవగలిగినంత ముందు తీసుకుని, పాడైన చోట్లకి తర్వాత మళ్లీ మళ్లీ వెళ్తుంది. పెద్దమ్మ కూతురి మూడో డిస్కుని దాంతోనే రెండో డ్రైవ్‌లో పెట్టి నడుపుతున్నాను.