లండన్ బీరు వరదలో ఎవరూ తాగి చనిపోలేదు

ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. ఈసారి పంపింది చిన్నప్పటి స్నేహితుడు, కింద వరసగా నవ్వు బొమ్మలు పెట్టి. "1814లో లండన్‌లో 10 లక్షల లీటర్ల బీరు వరద! సగం ఊరు మునిగింది. జనం బిందెలతో పట్టుకుని తాగీ తాగీ 8 మంది పోయారు. కోర్టు దేవుడి లీల అని కేసు కొట్టేసింది, కంపెనీ పైసా కట్టలేదు. చస్తే ఇలా చావాలి!" అని ఉంది అందులో.

లీటర్ల లెక్కతో నాకు పేచీ లేదు. 5.8 లక్షల నుంచి 14.7 లక్షల దాకా అంచనాలున్నాయి. సగం ఊరు మాత్రం మునగలేదు. హార్స్ షూ అనే బీరు ఫ్యాక్టరీ వెనక, సెయింట్ జైల్స్ పేటలో కొన్ని ఇళ్ళు కూలాయి, నేలమాళిగలు నిండాయి. అంతే.

ఇక తాగి పోయారన్న మాట. చనిపోయిన 8 మందీ ఆడవాళ్ళు, పిల్లలు. అక్టోబరు 17 సాయంత్రం వాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. ఎలినార్ కూపర్‌కి 14 ఏళ్ళు, ఓ పబ్‌లో పనిపిల్ల. పెరట్లో గిన్నెలు తోముతుంటే ఫ్యాక్టరీ గోడ మీద పడింది. నాలుగేళ్ళ హన్నా బామ్‌ఫీల్డ్ ఇంట్లో తల్లితో కలిసి టీ తాగుతోంది. ఇంకో ఇంటి నేలమాళిగలో ఐర్లండ్ నుంచి వచ్చిన ఓ కుటుంబం, చనిపోయిన రెండేళ్ళ బాబు శవం చుట్టూ కూర్చుని ఉంది. ఆ బాబు తల్లి, పరామర్శకి వచ్చిన మరో నలుగురు అక్కడే పోయారు. ఆ నలుగురిలో ఒకడు మూడేళ్ళ పిల్లాడు. ఎనిమిదో మనిషి సారా బేట్స్, తనకీ మూడేళ్ళే. వీళ్ళలో ఎవరమ్మా బిందె పట్టుకుని పరిగెత్తింది? మూడేళ్ళ సారానా? చచ్చిన బిడ్డ పక్కన కూర్చున్న తల్లా?

వీధుల్లో జనం తాగి గొడవ చేశారనీ, కొన్నాళ్ళకి ఇంకొకరు తాగుడుతోనే పోయారనీ చెప్పేవన్నీ తర్వాత అల్లిన కథలు. ఆనాటి పత్రికల్లో వాటి ఊసే లేదు. ఆ పేటలో ఉండే పేద ఐరిష్ వాళ్ళంటే ఆ పత్రికలకి అసలు పడదు. వాళ్ళు తాగి పడిపోతే రాయకుండా వదిలేవా? జనం పద్ధతిగా ఉన్నారనే రాశాయి.

కోర్టు, కేసు అన్నదీ తప్పే. అది కారొనర్ విచారణ, అంటే చావుకి కారణం తేల్చే అధికారి జరిపేది. మన దగ్గర పోలీసులు చేసే శవ పంచనామా లాంటిదే, కాకపోతే అప్పట్లో అక్కడ మామూలు పౌరులతో జ్యూరీ కూర్చునేది. అక్టోబరు 19న అదే పేటలో, దిక్కులేని వాళ్ళని ఉంచే వర్క్‌హౌస్‌లో, మిడిల్‌సెక్స్ కారొనర్ జార్జ్ హాడ్జ్‌సన్ ముందు జరిగింది. దేవుడి లీల అనేవాళ్ళు అక్కడ ఫ్యాక్టరీ గుమాస్తా జార్జ్ క్రిక్ చెప్పిన సాక్ష్యం చదవాలి. 17న సాయంత్రం నాలుగున్నరకి, బీరు నింపిన 22 అడుగుల ఎత్తు పీపా చుట్టూ ఉండే ఇనుప పట్టీల్లో ఒకటి జారింది. దాని బరువే 300 కిలోల పైన. అలా జారడం ఏడాదికి రెండు మూడుసార్లు మామూలేనట. క్రిక్ తన పై అధికారికి చెబితే, ఆయన ఏం కాదులే, బాగు చేయించడానికి యజమానికి చీటీ రాయి అన్నాడు. గంట తర్వాత ఆ చీటీ క్రిక్ చేతిలో ఉండగానే పీపా పగిలింది. ఇందులో దేవుడు ఎక్కడున్నాడు? అయినా జ్యూరీ "అనుకోకుండా, ప్రమాదవశాత్తూ, దురదృష్టం వల్ల" చనిపోయారని తేల్చేసింది.

కంపెనీ పైసా కట్టలేదన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఆ మెసేజ్ తక్కువే చెప్పింది. తీర్పు అలా రావడంతో పరిహారం కట్టే పని తప్పింది. పైగా పోయిన బీరు మీద కట్టిన పన్ను కింద సుమారు 7,250 పౌండ్లు పార్లమెంటు వెనక్కి ఇప్పించింది. కంపెనీకి అంతకంటే చాలా ఎక్కువే నష్టం వచ్చింది, అదీ నిజమే. కానీ ఆ 8 మంది ఇళ్ళవాళ్ళకి అలా ఇప్పించినవాళ్ళు లేరు. శవాలని దగ్గర్లోని పబ్‌లో, ఓ పెరట్లో ఉంచితే, ఖననం ఖర్చులకి తలా కాస్త వేసింది చూడటానికి వచ్చిన మామూలు జనమే. మీ మెసేజ్‌లో బిందెలు పట్టుకుని తాగుతున్నది ఆ జనమే.