లాగ్ చదివే కుర్రాళ్లని అదుపులో పెట్టాలి

ఈమధ్య మన ఆఫీసుల్లో ఒక చెడు అలవాటు బాగా ముదురుతోంది, ఇప్పుడే పట్టించుకోకపోతే రేపు అనుభవించేది మనమే. నెట్ పోయిందంటే చాలు, కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆఫీసుకీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్ బాక్స్ ప్లగ్ పీకకుండా ల్యాప్‌టాప్ తెరిచి లాగ్, అంటే తనలో ఏం జరిగిందో మెషీనే రాసుకునే డైరీ, చదువుతున్నారు. చదువుతున్నారండీ! పెద్దలు మనకిచ్చిన పద్ధతి ఏంటి, పవర్ ఆపు, పది లెక్కపెట్టు, మళ్లీ వెయ్యి, అప్పటికీ రాకపోతే నెట్ కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా అరువు. ఇంత సులువైన దారి ఉండగా కారణం వెతకడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

తెలియనివాళ్ల కోసం సంగతి కాస్త చెప్తా. నెట్‌వర్క్‌లో ప్రతి సిస్టమ్‌కీ అడ్రస్ అని ఒక నంబరు ఉండాలి, ఆ అడ్రస్‌లు పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు, 1993లో మొదట రాశారు, 1997లో దిద్దిన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. సిస్టమ్ ఆన్ అయినప్పుడు దానికి ఇంకా అడ్రస్ లేదు కాబట్టి 0.0.0.0 అని చెప్పుకుని 255.255.255.255కి, అంటే ఆ నెట్‌వర్క్‌లో వినబడే ప్రతివాడికీ, డిస్కవర్ అని ఒక కేక వేస్తుంది. అడ్రస్‌లు పంచే సర్వర్ 67వ పోర్టులో, అంటే ఈ పనికని కేటాయించిన నంబరు గుమ్మంలో, విని ఇదిగో ఈ అడ్రస్ ఖాళీ అని ఆఫర్ పెడుతుంది, సిస్టమ్ సరే అదే ఇప్పించండి అంటుంది, సర్వర్ ఖాయం చేస్తుంది. నాలుగు మాటల్లో అయిపోతుంది, మన పెళ్లిచూపుల కంటే చాలా నయం. ఎవరూ పలక్కపోతే విండోస్ సిస్టమ్ 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి తనకి తనే పెట్టుకుని కూర్చుంటుంది, దాంతో ఇంటర్నెట్‌కి పోలేదు కానీ ఆత్మగౌరవం మిగులుతుంది.

ఇక విజయవాడలో నాకు తెలిసిన ఒక ఆఫీసు కథ వినండి. అక్కడ లినక్స్ మీద నడిచే ఒక ఫైర్‌వాల్ బాక్సే అడ్రస్‌లు కూడా పంచుతుంది. ప్రింటర్‌కి పర్మనెంట్ అడ్రస్ ఇద్దామని ఎవరో పెద్దమనిషి ఆ సర్వీసు ఎలా నడవాలో రాసి ఉండే కాన్ఫిగ్ ఫైల్లో నాలుగు లైన్లు చేర్చి ఒకచోట సెమీకోలన్ మర్చిపోయాడు. ఏమైంది? ఏమీ కాలేదు. సర్వీసు పాత కాన్ఫిగ్‌నే మెమరీలో పెట్టుకుని వారాల తరబడి హాయిగా నడిచింది, ఫైల్లో తప్పు ఫైల్లోనే పడుకుంది. ఒకరోజు నెట్ స్లోగా ఉందని మేనేజర్ గారు విసుక్కుంటే అడ్మిన్ గారు సంప్రదాయం ప్రకారం పదకొండు గంటలకి ప్లగ్ పీకారు. బాక్స్ లేచింది, నెట్ స్పీడుగా వచ్చింది, అందరూ చూశారా రీస్టార్ట్ మహిమ అన్నారు. అడ్రస్‌లిచ్చే సర్వీసు మాత్రం ఈసారి ఫైల్ కొత్తగా చదివి, ఆ లైను దగ్గర తట్టుకుని, అసలు మొదలవ్వనే లేదు.

అయినా గంటసేపు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అడ్రస్ అనేది లీజు, గడువు దాకానే మనది, అక్కడ లీజు రెండు గంటలు. సగం కాలం గడిచాక ప్రతి సిస్టమూ పొడిగించమని సర్వర్‌ని అడుగుతుంది, జవాబు లేకపోతే ఎనిమిదింట ఏడు వంతుల దగ్గర నెట్‌వర్క్‌లో అందర్నీ అడుగుతుంది, అప్పటికీ ఎవరూ పలక్కపోతే గడువు తీరగానే అడ్రస్ వదిలెయ్యాలి. కాబట్టి పన్నెండు నుంచి ఒంటిగంట లోపు ఒక్కొక్కరే రాలిపోయారు, ముందు అకౌంట్స్, తర్వాత సేల్స్, ఆఖరికి మేనేజర్ గారు. మొదట అకౌంట్స్ వాళ్లకే పోయింది కాబట్టి వాళ్లు వీడియోలు చూసి వైరస్ తెచ్చారని అప్పటికే తీర్పు కూడా వచ్చేసింది.

తర్వాత రెండో సంప్రదాయం: ఫైర్‌వాలే అడ్డుపడుతోంది, రూల్స్ తీసెయ్యండి. అడ్మిన్ గారు తన సీట్లోంచే లాగిన్ అయి ఐపీటేబుల్స్, అంటే లినక్స్ ఫైర్‌వాల్, రూల్స్ మొత్తం ఫ్లష్ చేసి తుడిచేశారు. డీఫాల్ట్ పాలసీ డ్రాప్, అంటే ఏ రూలూ అనుమతించనిదాన్ని పారెయ్, అని ఉండటంతో అనుమతులన్నీ ఒక్క దెబ్బకి ఎగిరిపోయాయి, ఇంకా నెట్ ఉన్న ఒకరిద్దరికీ పోయింది, అడ్మిన్ గారి లాగిన్ కూడా పోయింది, ఇక మానిటరూ కీబోర్డూ మోసుకుంటూ ర్యాక్ దగ్గరికి బయల్దేరారు. ఈ టైంలో ఆ ఆఫీసులో కొత్తగా చేరిన ఒక కుర్రాడు అన్నాడట, సార్, ఈ డీహెచ్‌సీపీ సర్వర్ డిస్కవర్‌ని రా సాకెట్‌లో, అంటే నెట్‌వర్క్ కార్డు దగ్గరే నేరుగా, తీసుకుంటుంది, ఐపీటేబుల్స్ రూల్స్ కంటే ముందే దానికి చేరిపోతుంది, రూల్స్ ఆపితే ఒరిగేదేం లేదు అని. పెద్దవాళ్లు బరువు మోస్తున్నప్పుడు మాట్లాడే మాటలా ఇవి?

ఈలోగా ఒక సేవాతత్పరుడు ఇంట్లోంచి పాత వైఫై రౌటర్ తెచ్చి రిసెప్షన్ టేబుల్ కింద, ఆఫీసు కేబుళ్లన్నీ కలిసే స్విచ్‌కి గుచ్చాడు. అది వెంటనే 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు అడిగినవాళ్లకి అడిగినట్టు పంచేసింది. అడ్రస్ వచ్చింది, నెట్ రాలేదు, అయినా పసుపు త్రికోణం పోయి ఇంకేదో బొమ్మ వచ్చిందని చాలామంది సంతోషించారు.

కుర్రాడు మాత్రం నెట్‌వర్క్‌లో వచ్చీపోయే మాటలన్నీ చూపించే టీసీపీడంప్ పెట్టి చూస్తే మన బాక్స్ దగ్గర డిస్కవర్ మీద డిస్కవర్ వస్తోంది, అది ఒక్క ఆఫర్ కూడా పంపట్లేదు. లాగ్ తెరిస్తే సెమీకోలన్ కావాలి అని లైను నంబరుతో సహా రాసి ఉంది. పెట్టాడు, రూల్స్ మళ్లీ ఎక్కించాడు, సర్వీసు లేచింది. అయినా సగం మందికి రాలేదు, ఎందుకంటే ఇప్పుడు పంచేవాళ్లు ఇద్దరు, సిస్టమ్ మామూలుగా ఎవరి ఆఫర్ ముందొస్తే వాళ్లదే పట్టుకుంటుంది. చివరికి ఆ రౌటర్ మ్యాక్ అడ్రస్, అంటే ఫ్యాక్టరీలో వేసిన నంబరు, స్విచ్‌లో ఏ కేబుల్ రంధ్రం దగ్గర ఉందో చూసి ఆ రౌటర్‌ని బయటికి లాగాడు, తెచ్చినాయన నొచ్చుకున్నాడు కూడా.

అందుకని నా డిమాండ్లు. అడ్రస్‌లిచ్చే ఆ సర్వీసు పేరు డీహెచ్‌సీపీడీ, దానికి మైనస్ టీ అని ఒక ఆప్షన్ ఉంది, సర్వీసు ఆపకుండానే కాన్ఫిగ్‌లో తప్పులు చూపిస్తుంది, దాన్ని వెంటనే నిషేధించాలి, తప్పు ముందే తెలిసిపోతే రీస్టార్ట్‌లో ఉత్కంఠ ఏముంటుంది. దాన్ని తయారుచేసిన ఐఎస్‌సీ అనే సంస్థ వాళ్లు 2022లో ఈ సర్వర్‌కి సపోర్ట్ ఆపేసి కీయా అనే కొత్తదానికి మారమంటున్నారట, మారక్కర్లేదు, దాని కాన్ఫిగ్ జేసన్ అనే రాత పద్ధతిలో ఉంటుంది, సెమీకోలన్ బదులు కామా మర్చిపోతాం, అంతే తేడా.

ఆ సాయంత్రమే అడ్మిన్ గారు పైకి రిపోర్ట్ పంపారు. సమస్య: నెట్ రాలేదు. కారణం: అకౌంట్స్ విభాగం. పరిష్కారం: సర్వీసు రీస్టార్ట్ చేయబడినది.