వాస్తవికతపై మామునూరు ప్రమాణాలు

వరంగల్‌లో విమాన చోదనం మీద సాధికారంగా మాట్లాడగల పండితులు ఎందరున్నారో బయటి ప్రపంచానికి తెలియదు. నిజాం హయాంలో 1930లో కట్టిన మామునూరు విమానాశ్రయం 1981తో మూతపడింది. మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం సరేనంది. మధ్యలో ఈ నలభై నాలుగేళ్లలో అక్కడ గడ్డి పెరిగింది, మా బృందంలో పైలట్లు పెరిగారు. మేం ఆరుగురం. వెయ్యి గంటలకు తక్కువ ఎగిరినవాడు ఒక్కడూ లేడు. ఎగిరిందంతా నేలకు అడుగున్నర ఎత్తులో, కంప్యూటర్‌లో విమానం నడిపించే సిమ్యులేటర్ ముందు, తిరిగే కుర్చీలో.

మా శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే. విమానం ఎంత సతాయిస్తే అంత నిజమైనది.

సెస్నా 172 సంగతే చూడండి. 1956 నుంచి నలభై నాలుగు వేలకు పైగా తయారైన ఈ నాలుగు సీట్ల బండిని ఫ్లయింగ్ స్కూళ్లలో ఓనమాలు రానివాళ్ల చేతికిస్తారు. కారణం, అది పరమ సాధువు. ట్రిమ్, అంటే ముక్కు ఎత్తును నిలబెట్టే సర్దుబాటు, సరిచూసి చేతులు వదిలేస్తే తన దారిన తాను పోతుంది. గాలి ఓ కుదుపు కుదిపితే ముక్కు కాస్త లేపి, కాస్త దించి, మళ్లీ పాత వేగానికే వచ్చి కుదురుకుంటుంది. రెక్కల వెనక అంచున కిందికి వంగే ఫ్లాపులు పూర్తిగా దించితే 40 నాట్ల దాకా ఓర్చుకుంటుంది. అంటే గంటకు 74 కిలోమీటర్లు, జనగామ దాటాక బస్సు పోయే వేగం. అంతకన్నా తగ్గించబోతే పడిపోయే ముందు హారన్ కొట్టి మరీ చెబుతుంది.

ఈ సాధువును సిమ్యులేటర్‌లో సాధువుగానే చూపిస్తే మేం ఒప్పుకోం. "ఇది పిల్లల ఆటరా" అని పెదవి విరుస్తాం. అదే సిమ్యులేటర్‌లో వేసుకోడానికి ఇంకెవడో తయారుచేసిన సెస్నా, రెండు వేలు పోసి కొన్నది, మాంజా తెగిన పతంగిలా కొట్టుకుంటే చాలు, కళ్లు చెమరుస్తాయి. "అబ్బ, ఏం రియలిజంరా!" రెండు వేలు పెట్టినంక సతాయించకపోతే ఎట్లా?

సిద్ధాంత చర్చల్లోనూ మాది పెద్ద చెయ్యి. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ రెక్కనూ ప్రొపెల్లర్‌నూ ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతుందో అప్పటికప్పుడు లెక్కగడుతుంది. పాత పద్ధతిలో ముందే రాసిపెట్టిన పట్టికలు చూసుకునేవారు. ఏది మేలన్న విషయంలో హన్మకొండ చౌరస్తా చాయ్ హోటల్లో తగువై, మాలో ఇద్దరు నెల రోజులు మాట్లాడుకోలేదు. ఆ ఇద్దరిలో పట్టిక చూసినవాడు లేడు, ముక్క చూసినవాడూ లేడు.

ఇక కుడి రడ్డర్. రడ్డర్ అంటే ముక్కును పక్కలకు తిప్పే తోక పలక, కాలి పెడల్స్‌తో కదులుతుంది. టేకాఫ్‌లో పూర్తి పవర్ ఇవ్వగానే సెస్నా ముక్కు ఎడమకు లాగుతుంది. ఇంజిన్ తిప్పుడుకు బండి ఎదురు తిరగబోతుంది. ప్రొపెల్లర్ చిమ్మిన గాలి మెలికలు తిరుగుతూ వెళ్లి తోకను ఎడమవైపు నుంచి కొడుతుంది. ముక్కు లేచాక కిందికి దిగే కుడివైపు బ్లేడు గాలిని ఎక్కువ కొరుకుతుంది. కాబట్టి కుడి పెడల్ తొక్కాలి. ఈ మూడు కారణాలనూ నిద్రలో లేపి అడిగినా చెప్పే మిత్రుడి సెట్టింగులు ఓసారి తెరిచి చూశాను. ఆటో రడ్డర్ ఆన్‌లో ఉంది, అంటే పెడల్ పని కంప్యూటరే చేసిపెడుతోంది. పరువు ముఖ్యం గనక పేరు చెప్పను.

నేను మాత్రం పెడల్స్ కొన్నాను. తొక్కితే రడ్డర్ కదల్లేదు, కుర్చీ వెనక్కి పోయింది. మా ఇంట్లోవి షాబాద్ బండలు, నున్నగా ఉంటాయి. గాలి పక్కనుంచి కొట్టిన ప్రతిసారీ నేను మంచం దాకా జారుకుంటూ పోయేవాణ్ణి. చివరికి చక్రాలకు నాలుగు ఇటుకలు అడ్డం పెట్టాను. జాయ్‌స్టిక్‌ది మరో కథ. అసలు విమానంలో నెమ్మదిగా పోతుంటే యోక్, అంటే చేతిలోని స్టీరింగు, వదులవుతుంది, వేగం పెరిగితే బిగుస్తుంది. నా దాంట్లో ఉన్నది స్ప్రింగు. బండి ఆగి ఉన్నా, ముప్పుతిప్పలు పడుతూ కిందికి దూకుతున్నా దానికి ఒకటే బిగువు.

మొన్న పెండ్లి కార్డు ఇవ్వడానికి పెద్దబాపు వచ్చాడు. భూపాలపల్లి రూట్లో ముప్పై ఏండ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. నేను శంషాబాద్‌లో దిగడానికి చెమటలు కక్కుతున్నాను.

"ఏందిరా, ఊకె గట్ల గుంజుతానవ్? నువ్వు గుంజుతానవనే అది ఊగుతాంది. జర ఇడిసిపెట్టు."

"ఇది బస్సు గాదు పెద్దబాపూ."

"లే. నన్ను కూసోనియ్యి. గీ ఇటుకలేందిరా, పునాది తీస్తానవా?"

కూర్చున్నాడు. రెండు వేళ్లతో స్టిక్ పట్టుకున్నాడు. ముక్కు వైపు చూడలేదు, రన్‌వే చివర చూశాడు. నేను పవర్ తగ్గించమంటే తగ్గించాడు, 65 నాట్లు అంటే 65 దగ్గర ఉంచాడు. నేల దగ్గరికి రాగానే "కొంచెం తేలుతాందిరా, దిగనంటాంది" అన్నాడు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న పొడవు, అంటే 11 మీటర్ల కన్నా కిందికి వస్తే నేల ఆసరాతో విమానం తేలుతుందని నేను పుస్తకం చూసి నేర్చుకున్న ముక్క అది. ఓపిక పట్టాడు. వెనక చక్రాలు ఆనాయి, తర్వాత ముక్కు చక్రం. కార్డు చేతిలో పెట్టి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రే అత్యవసర సమావేశం జరిగింది. జన్మలో విమానం ఎక్కని మనిషి మొదటిసారే దించగలిగాడంటే ఆ సెస్నాలో వాస్తవికత ఏపాటిదో తేలిపోయింది. ఏకగ్రీవంగా ఒక్క స్టార్ ఇచ్చి, దాన్ని తీసేశాం. తలా కొంత వేసుకుని ఇంకోటి కొన్నాం. వారమైంది, ఆరుగురిలో ఒక్కడూ దాన్ని దించలేకపోయాడు. అద్భుతం.