అయిదున్నర గంటల రాహువు

కనుమనాడు కాకైనా కదలదంటారు. అమలాపురం దగ్గర ఓ పల్లెలో మాత్రం గేదె కదిలింది. పలుపుతాడు తెంపుకుని మరీ పోయింది. ఆసామి పరుగున సిద్ధాంతి గారి అరుగెక్కాడు.

సిద్ధాంతి గారికిప్పుడు ప్రశ్నలగ్నం (అడిగిన క్షణానికి ఉదయించే రాశి, పోయినదాని దిక్కు దాన్ని బట్టే చెబుతారు) కంప్యూటరే కడుతుంది, మీట నొక్కిన క్షణాన్ని పట్టుకుని. నొక్కారు. ధనుర్లగ్నం. "తూర్పురా అబ్బాయ్!" ఆసామి తూర్పున కాలవగట్టూ కొబ్బరితోటలూ గాలించి ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు.

"ఆయ్, లేదండి."

కళ్లజోడు సవరించుకుని చూస్తే చక్రం పైన టైము తెల్లవారుజామున 5:00. ఆసామి వచ్చింది పదిన్నరకి! అప్పటికి నడిచేది మీనం, దిక్కు ఉత్తరం. దేశానికంతటికీ టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంటే, ఈ ఇంట్లో టైము లండన్‌ది నడుస్తోంది.

రిపేరు కుర్రాడొచ్చి కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపే సెల్లు పోయిందన్నాడు. సీఆర్2032, మూడు వోల్టుల బిళ్ల, మార్చాడు. మార్పు లేదు. సెల్లు చస్తే తేదీ ఏ పాత సంవత్సరానికో పోతుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలే ఉంటే ఆ బిళ్లకి పాపం తెలియదు.

దోషం భోగినాడు జరిగింది. కొడుకు పండక్కొచ్చి విండోస్ పక్కన ఉబుంటూ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. మదర్‌బోర్డు మీది గడియారం ఒక్కటే, చదివేవాళ్లు ఇద్దరు. ఉబుంటూ నెట్లో టైము తెచ్చుకుని అందులో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, రాసి పడుకుంటుంది, లేచాక 5:30 కలుపుకుంటుంది. విండోస్‌కి ఆ కలుపుకోవడం తెలీదు, కనిపించిందే మన టైమనుకుంటుంది. సిద్ధాంతి గారు విండోస్‌లో చేత్తో దిద్దితే, ఉబుంటూ తెరిచేసరికి పదిన్నర కాస్తా సాయంత్రం నాలుగవుతోంది. నెట్ అందగానే అది సర్దుకుని మళ్లీ యూటీసీ రాసేస్తుంది. విండోస్ మళ్లీ తెల్లవారుజాములోకి.

కొడుకు ఫోన్లో మందు చెప్పాడు. విండోస్‌లో దాని లోపలి అమరికలు మార్చే రెజ్‌ఎడిట్ తెరిచి, లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ దాకా దిగి, 'రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్' అనే కొత్త డీవర్డ్ (అంకె పట్టే గడి) పెట్టి విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చెయ్యాలి. పని అక్కడితో అయిపోయేది. రిపేరు కుర్రాడు ఊరుకోక ఉబుంటూలో కూడా 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1' కొట్టాడు.

"ఆర్టీసీ ఏవిట్రా, బస్సా?"

"కాదండి, రియల్ టైమ్ క్లాకండి."

రెండు మందులూ కలిసి వికటించాయి. ఉబుంటూ ఇప్పుడు గడియారంలో మన టైమే రాస్తుంటే, కొడుకు మందు పడ్డ విండోస్ దాన్ని యూటీసీ అనుకుని ఇంకో అయిదున్నర కలిపేసి పరుగు తీసింది. ఉబుంటూలో కొట్టిన ఆ 1 ని 0 చేసి, నెట్ అందనిచ్చి, మళ్లీ విండోస్ తెరిచాక అన్నీ కుదిరాయి.

సిద్ధాంతి గారు ధీమాగా పదిన్నర టైము చేత్తో వేసి మీనం రప్పించారు. "ఉత్తరం! ఇక తిరుగులేదు."

ఆసామి అరుగు దిగేలోపే గేదె వచ్చేసింది. పడమటి నుంచి.