సవరణ: పాత డెస్క్‌టాప్‌లో ‘ఐ5’ ఒక్కటే చూస్తే చాలదు

బడిపిల్లల చదువుకు తిరుపతి దుకాణాల్లో దొరికే పాత ఆఫీసు డెస్క్‌టాప్ చాలునని, ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉంటే తీసుకోవచ్చని ఇంతకు ముందు రాసినదానికి ఒక సవరణ అవసరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఆ యంత్రం విండోస్ 11కు పనికొస్తుందా లేదా అన్నది డబ్బు చెల్లించకముందే తేల్చుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ తరం నుంచే ఆ అర్హత ఉంది. దానితోపాటు కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి.

దుకాణంలోనే కంప్యూటర్ ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ఆపైన ‘అబౌట్’ తెరిస్తే ప్రాసెసర్ పేరు పూర్తిగా కనిపిస్తుంది. ఐ5-6500 అంటే 6వ తరం, ఐ5-8500 అంటే 8వ తరం. క్యాబినెట్ మీది స్టిక్కర్‌ను మాత్రం నమ్మవద్దు. దాన్ని మార్చడం ఎంతసేపు?

ఇప్పటికే 6వ తరం యంత్రం కొన్నవారు దిగులుపడనక్కర్లేదు. హార్డ్ డిస్క్ స్థానంలో అంతకంటే వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకుంటే ప్రభుత్వ దీక్ష పోర్టల్ పాఠాలు, పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్, ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత లిబ్రేఆఫీస్ చక్కగా నడుస్తాయి. బడిలో ఎంఎస్ ఆఫీసే కావాలంటారేమో టీచరును ముందుగా అడిగి తెలుసుకోండి.