ట్యాంకు మూతి ఎటుండాలో తేలింది, తాళం ఎవరి దగ్గరుంటుందో తేలలేదు

పోయిన ఆదివారం మా ఊళ్లో మీటింగు. గోదావరి జిల్లాల సైనికుల పేరు మీద యుద్ధ స్మారక మ్యూజియం కట్టాలట. మంచి మాటే కదా అని నేనూ వెళ్లాను. రెండు గంటలూ గేటు ముందు పెట్టే పాత ట్యాంకు మూతి ఎటుండాలి, శిలాఫలకంలో ఎవరి పేరు పైనుండాలి, ఇదే గోల. లోపల ఏం పెడతారండీ అనడిగితే, "ముందు బిల్డింగ్ లేవనివ్వండి, అవే వస్తాయి" అన్నారు.

అవే రావండి. వచ్చినవి కూడా ఏమవుతాయో నాకు తెలుసు. పదేళ్ల కిందట ఒక ఆఫీసువాళ్లు ప్రదర్శన పెడుతున్నామంటే, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడిన మా తాతయ్య పే బుక్కు (సైనికుడి జీతం లెక్కల పుస్తకం), రెండు ఉత్తరాలు ఇచ్చాను. రసీదు అడగడానికి మొహమాటపడ్డాను, నాదే బుద్ధి తక్కువ. తర్వాత వెళ్తే బీరువా తీశారు. పే బుక్కుకి అట్ట మిగిలింది, మిగతాది చెదలు తినేశాయి. ఉత్తరాల్లో ఒకటి దొరకనే లేదు. సెన్సారువాడు ఒక లైను నల్లగా కొట్టేసిన ఉత్తరం అది. ఆ సిరా కింద తాతయ్య ఏం రాశాడో కనపడుతుందేమోనని మామ్మ దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని చూసేదట.

పెట్టడానికి సరుకు లేదా అంటే, బోలెడుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయవి. కాకినాడలో చదివే పిల్లల్ని అడగండి, ఎంతమందికి తెలుసో! తాడేపల్లిగూడెంలో ఆనాటి రన్‌వే ఇంకా ఉంది. ఆ పక్కనే మాధవరం, ఊరి పేరుకి ముందు 'మిలిటరీ' లేకుండా ఎవరూ పలకరు. ఇక రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్ల సంగతి! కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి బతకడానికి పోయి, జపాన్‌వాళ్లు వచ్చేసరికి అడవుల్లో పడి నడిచొచ్చిన జనం. వాళ్లు యూనిఫాం వేసుకోలేదని మా కమిటీ లిస్టులో లేరు.

విశాఖలో కురుసుర సబ్‌మెరైన్ చూశారుగా? 2002 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. రిటైరైన నేవీవాళ్లు దగ్గరుండి చెబుతుంటే ఆ ఇనుము కథవుతుంది. జపాన్‌లో ఒకినావా ఉంది. 1945 యుద్ధంలో అక్కడ 240 మంది విద్యార్థినుల్ని, టీచర్లని నర్సుల పనికి పంపితే 136 మంది చనిపోయారు. ఆ బళ్ల పూర్వ విద్యార్థినులే పూనుకుని 1989లో హిమెయూరి మ్యూజియం తెరిచారు. బతికి బయటపడ్డవాళ్లే ఏళ్ల తరబడి అక్కడ నిలబడి, వచ్చినవాళ్లకి చెప్పారు. మనకి ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. మిగిలింది కాగితాలే, అవీ మన డెల్టా చెమ్మలో.

అందుకే మీటింగులో లేచి చెప్పాను. ట్యాంకు డబ్బుతో తేమ పట్టని గది ఒకటి, ఇద్దరు మనుషులకి పదేళ్ల జీతం, నంబర్లేసిన రిజిస్టరు ముందు చూడండని. "మీరు నెగెటివ్‌గా ఆలోచిస్తారండీ" అన్నారొకాయన. టీలు వచ్చాయి, అంతే.

నిన్న కమిటీ నుంచి ఫోను. తాతయ్య బర్మా పతకం, ఆ ఆరు కోణాల నక్షత్రం, ఓపెనింగుకి ఇస్తారా అని. రసీదు పుస్తకం అచ్చేయించారా అన్నాను. కనుక్కుని చెబుతానన్నారు.